ప్రామాణిక నాలుక

మార్చి పధ్నాలుగో తారీఖు మధ్యాహ్నం మూడు గంటల నుంచి మే ఇరవై మూడో తారీఖు పొద్దుటి దాకా నా నాలుక నాది కాదు. అది మా ఆఫీసుది. స్టాకు రిజిస్టరు నలభై రెండో పేజీలో, రెండు స్టీలు బీరువాలకీ ఒక గోడ గడియారానికీ కింద, "నాలుక - ఒకటి - వాడుకలో ఉన్నది" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. గోడ గడియారం ఎదురుగా మాత్రం "పనిచేయుట లేదు" అని ఉంటుంది. ఆ లెక్కన నాకు కొంచెం గౌరవమే దక్కింది.

నా పేరు భీమశంకరం. గృహ చాక్లెట్ ప్రోత్సాహక మండలి జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. అలాంటి మండలి ఒకటుందా అని మీకు అనుమానం రావచ్చు. బదిలీ కాగితం అందుకున్నప్పుడు నాకూ వచ్చింది. సంగతేమిటంటే, గోదావరి పక్క మా కొబ్బరితోటల్లో చెట్ల మధ్య కోకో వేస్తారు. ఎవరో పెద్దాయన ఎక్కడికో వెళ్తూ విమానంలో చాక్లెట్ తిని, దాని కాగితం మీద ఇంకో దేశం పేరు చూసి, గింజ మనదీ పేరు వాళ్లదీనా అని ఆవేశపడ్డారట. విమానం దిగేలోపల ఆవేశం పథకమైంది. ఇంటింటా చాక్లెట్ తయారు చేయించాలన్నారు. చాక్లెట్ కావాలంటే గింజని మెత్తగా రుబ్బాలి కనక, ఇంట్లో ఏ యంత్రంతో రుబ్బాలో తేల్చే పని మా ఆఫీసుకి అప్పజెప్పారు.

మా డిప్యూటీ డైరెక్టరు సర్వోత్తమరావుగారు. అంతకుముందు పనిచేసినచోట ఆయన తూకపురాళ్లకి ముద్రలు వేసేవారు. లోకంలో ఏ వస్తువు కనిపించినా దాని మీద ముద్ర ఎక్కడ వేస్తే బాగుంటుందా అని చూడటం ఆయనకి అలవాటైపోయింది. మనిషి మంచివాడే. పుస్తకంలో అచ్చయినట్టు మాట్లాడతాడు, అంతే.

మా ఆఫీసు ఎదురుగా మంగతాయారు ఇడ్లీ బండి ఉండేది. పదకొండేళ్ల బండి. మండలి పుట్టకముందు ఆ భవనంలో ఉన్న మూడు ఆఫీసులూ ఆవిడ ఇడ్లీలు తింటూనే మూతపడ్డాయి. ఆవిడ తమ్ముడికి కొబ్బరితోట ఉంది. ఆ తోటలో కోకో గింజలు తెచ్చుకుని, అరిటాకులు కప్పి బుట్టలో ఊరబెట్టి, ఎండబెట్టి, మూకుట్లో వేయించి, చేటతో చెరిగి, పంచదార వేసి ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరులోనే వేసేది. శని, ఆదివారాలు మా ఆఫీసుకి సెలవు కనక బండికీ సెలవే. ఆ రెండు రోజులూ గ్రైండరు చాక్లెట్ పని చేసేది.

ఒక సోమవారం ఇడ్లీలతో పాటు బాదం ఆకు మీద ఓ నల్లటి ముక్క పెట్టింది.

"తినండి శంకరం గారూ. శనారం పొద్దున్నేసి ఆదారం సాయంత్రం తీసానండి. ఎలాగుందో చెప్పాలండి మరి" అంది.

నోట్లో వేసుకున్నాను. కరిగిపోయింది. ఎక్కడా ఒక్క పలుకు తగల్లేదు. నాకు అంత సంతోషం వేసింది. నిజానికి అక్కడితో నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఆ నెలాఖరులోగా ఒక్క ఇల్లాలికైనా యంత్రం ఎంపిక చేసినట్టు పైకి రాయాలని మా మీద ఒత్తిడి ఉంది. చెడపకురా చెడేవు అంటారు గాని, బాగుచేయబోయినా చెడతామని అప్పటికి నాకు తెలీదు. పరిగెత్తుకెళ్లి సర్వోత్తమరావుగారికి చెప్పాను.

"గరుకు?" అన్నారాయన.

"అస్సలు లేదండీ."

"నీ నాలుకకు తెలియునా?"

"తెలుస్తుందండీ."

ఈ రెండు మాటల్తో నా నాలుక పోయింది. మంగతాయారు గ్రైండరు కూడా పోయింది. దాని సంగతి ముందు చెప్తాను.

ఆవిడ చేత దరఖాస్తు నింపించారు. మా మార్గదర్శకాలలో ఏడో నిబంధన ఇలా ఉంటుంది: యంత్రపు ఎంపిక పూర్తియగు వరకు, దరఖాస్తుదారు వద్దనున్న రుబ్బు సాధనములను తటస్థ స్థితియందు ఉంచవలెను. ఇంట్లో పాత గ్రైండరు తిరుగుతూంటే దరఖాస్తుదారు మనసు దానివైపే మొగ్గుతుందనీ, నిష్పాక్షికంగా కొత్తది ఎంచుకోలేదనీ దీని భావం. మా అటెండరు గంగులు వెళ్లి గ్రైండరు ఎత్తుకొచ్చాడు. దానికి తెల్లగుడ్డ చుట్టి, పురికొస కట్టి, నాలుగు ముళ్ల మీదా లక్క కరిగించి పోసి, సర్వోత్తమరావుగారు స్వయంగా ముద్ర కొట్టారు. ఎన్నాళ్లకో ఆయన మొహంలో కళ కనిపించింది.

"మరి రేపు పిండెలాగండి?" అంది మంగతాయారు.

"రెండ్రోజులేనమ్మా. కాగితం కదిలితే అయిపోతుంది" అన్నాను నేను.

మా ఆఫీసులో కాగితం కదలడం నేను చూశాను. ఫాను వేసినప్పుడు కదులుతుంది.

ఇక నాలుక సంగతి. చాక్లెట్‌లో రేణువు ఇరవై మైక్రాన్లు మించకూడదని మార్గదర్శకాల్లో ఉంది. మించితే నాలుకకి గరుకు తగులుతుందట. రేణువుని కొలిచే పరికరం కావాలని పైకి రాశాం. నాలుగు రోజుల్లోనే జవాబొచ్చింది. అంత త్వరగా వచ్చిందంటేనే అది కాదనే జవాబని తెలుసుకోవాలి. "నాలుకలు కార్యాలయమునందు అందుబాటులో ఉన్నందున పరికరము అవసరము కానరాదు" అని ఉంది.

సర్వోత్తమరావుగారు ఆ కాగితం మూడుసార్లు చదివి కుర్చీలోంచి లేచారు.

"నాలుకలు అనేకము. కొలబద్ద ఏకము. ప్రతి నాలుకా ప్రమాణమగుచో ప్రపంచమేమి కావలెను? ఒక నాలుకను ఎంపిక చేయవలసియున్నది."

ఎంపిక వరండాలో జరిగింది. ఆఫీసు మొత్తాన్ని వరసగా నిలబెట్టి, కళ్లకి తువాళ్లు కట్టి, నాలుకలు బయట పెట్టమన్నారు. ఒక్కొక్కరి నాలుక మీదా వరసగా ఇసుక, బొంబాయి రవ్వ, ఇడ్లీ రవ్వ, మైదా, విభూతి చిటికెడు చొప్పున వేసి ఏమిటో చెప్పమన్నారు. కిళ్లీ సున్నంతో పొక్కిపోయిన గంగులు నాలుక ఇసుకని పంచదార అని చెప్పి, ఇంకొంచెం వెయ్యమంది. క్యాషియరు మైదాని విభూతి అనుకుని తువాలు కట్టిన కళ్లతోనే దణ్ణం పెట్టాడు. పింఛను పని మీద వచ్చి దారితప్పిన ఒక ముసలాయన కూడా మా వరసలో నిలబడి, రవ్వ తిని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగి వెళ్లిపోయాడు. నేను ఐదూ చెప్పాను. విభూతిలో కర్పూరం పొడి కలిసిందని కూడా చెప్పాను. చెప్పకూడదు, కానీ అందరూ వింటున్నారు కదా.

మధ్యాహ్నం మూడింటికి ఉత్తర్వు చేతికిచ్చారు. అందులో సారాంశం ఇది: ఇందుమూలముగా శ్రీ భీమశంకరం గారి నాలుకను జిల్లా ప్రామాణిక నాలుకగా ప్రకటించడమైనది. సదరు నాలుక వేడి కాఫీ, వేడి టీ, కారము, కిళ్లీ, చింతపండు, ఊరగాయలకు దూరముగా ఉండవలెను. అనుమతి లేక కేంద్ర స్థానము విడువరాదు. ఉద్యోగి సెలవు పెట్టినను నాలుక సెలవు పెట్టరాదు.

ఆఖరి వాక్యం అర్థం కాలేదని అడిగాను. "అవసరమైనచో ఇంటికి వచ్చి పరీక్షించెదము" అన్నారు సర్వోత్తమరావుగారు.

ఇంటికెళ్లి ఉత్తర్వు మా ఆవిడ వరహాలుకి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, పొయ్యి మీద మరుగుతున్న చారు దింపేసింది. ఆ పూట నుంచి నాకు పాలన్నం. వారం తిరిగేసరికి చిరాకెత్తి ఏదో కసిరాను.

"ఆఫీసు నాలుకతో నన్ను కసరకండి. రిజిస్టర్లో ఎక్కుతుంది" అందావిడ.

యంత్రాల పరీక్షలు మొదలయ్యాయి. మొదట మిక్సీ. పది నిమిషాలకి వేడెక్కింది, ఇరవై నిమిషాలకి పొగ వచ్చింది. జాడీలో ఉన్నది నాకి "గరుకు" అని రాశాను. తరవాత రోలు. మన పూర్వీకుల విజ్ఞానము ముందు విద్యుత్తు ఎంత అని సర్వోత్తమరావుగారు అరగంట ఉపన్యసించారు. గంగులూ క్యాషియరూ ఎదురెదురుగా కూర్చుని రెండ్రోజులు పొత్రం తిప్పారు. మూడో రోజు ఇద్దరూ ఆఫీసుకి రాలేదు. నాకి, "గరుకు, పైగా రాతి పొడి" అని రాశాను. ఆ తరవాత బజార్లో పిండిమర. మేం వెళ్లేముందు అందులో పెళ్లివారి మిరపకాయలు ఆడించారని మాకెవరూ చెప్పలేదు. మర పూర్తిగా దులిపానన్నాడు దాని యజమాని. గింజలో కొవ్వు వేడికి కరిగి మర పళ్లకి పట్టేసి, మర ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. పళ్లెంలో పడిన ముద్ద నా నాలుక మీద పెట్టగానే నేనూ అలాగే మూలిగాను. నాలుకకి మూడు రోజుల వైద్యం. డాక్టరు చీటీలో రోగి పేరు దగ్గర నా పేరు కొట్టేసి "జిల్లా ప్రామాణిక నాలుక" అని రాయించారు సర్వోత్తమరావుగారు.

చివరికి కొత్త గ్రైండరే ఒకటి తెప్పించారు. అమ్మయ్య, కథ కంచికి చేరిందనుకున్నాను. అందులో గింజలు పోసి స్విచ్ వెయ్యబోతూంటే ఆయన ఆపి, దాంతో వచ్చిన కాగితం చదివారు. అందులో రుబ్బేటప్పుడు నీళ్లు తగినన్ని పోయాలని ఉంది. అది పిండికి అని చెప్పాను. చాక్లెట్‌లో చుక్క నీరు పడినా గడ్డకడుతుందని గుమ్మంలోంచి మంగతాయారు కూడా చెప్పింది.

"తయారీదారు సూచనలను ఉల్లంఘించి పరీక్ష నిర్వహించజాలము" అని ఆయన చెంబుడు నీళ్లు గుమ్మరించారు. లోపలున్నది బురదలా బిగుసుకుంది. గునపంతో తవ్వి తీశారు. గ్రైండరు పనికిరాదని తీర్మానించారు.

ఇలా ఏప్రిల్ దాటి మే వచ్చింది. మంగతాయారు రోజూ పది గంటలకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. "నా గ్రైండరు ఎప్పుడిస్తారండి?" అని ఒక్కటే మాట. మొదట నవ్వుతూ అడిగేది. తరవాత మామూలుగా అడిగేది. మే నెలకి అడగడం మానేసి ఊరికే నిలబడేది. తెల్లారకుండా లేచి రోట్లో రుబ్బుతోంది. ఎంత రుబ్బినా రెండు వాయిలకి సరిపడా పిండి వచ్చేది. తొమ్మిదింటికల్లా ఇడ్లీ అయిపోయేది. జనం సందు చివర కొత్తగా పెట్టిన బండికి అలవాటు పడిపోయారు. ఒకరోజు ప్లేటు అందిస్తూంటే ఆవిడ చేతులు చూశాను. రెండు అరచేతులూ పొక్కిపోయి, గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి.

"ఇంకో నెల ఇలాగే ఉంటే బండి తీసేస్తానండి. తమ్ముడి తోటలో కాయలు కొట్టుకోడానికెళ్తాను. మీ తప్పేం లేదులెండి. మీకు రుచి చూపించడం నాదే తప్పండి" అంది.

నాకు సిగ్గేసింది. ఆవిడ తిడితే బాగుండేది. ఇడ్లీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాను.

ఆ వారంలోనే, పైవాళ్లు విదేశాల నుంచి తెప్పించిన అసలైన చాక్లెట్ యంత్రం వచ్చింది. చెక్కపెట్టె మీద అర్థంకాని భాషలో ఏదో రాసుంది. గుమ్మడికాయ కొట్టారు, హారతిచ్చారు. గంగులు మేకులు ఊడదీశాడు. గడ్డి తీస్తే లోపల ఒక స్టీలు గిన్నె, గిన్నెలో రెండు గుండ్రటి నల్లరాళ్లు, పక్కన మోటారు.

మంగతాయారు గుమ్మంలోంచి మెడ చాచింది. "ఇది నా గ్రైండరేనండి!" అంది.

"సాదృశ్యము వేరు, అభేదము వేరు" అన్నారు సర్వోత్తమరావుగారు, వెనక్కి తిరక్కుండా. గంగులు యంత్రాన్ని బోర్లించాడు. అడుగున చిన్న రేకు ముక్క ఉంది. దాని మీద కోయంబత్తూరు అని ఉంది. ఆ ఊళ్లో చేసి, సముద్రం దాటించి, పేరు మార్చి, మళ్లీ మనకి పంపారు. మంగతాయారు గ్రైండరు అడుగున కూడా అదే ఊరు పేరుంది.

"విదేశయానము చేసి వచ్చిన యంత్రమును, చేయని యంత్రముతో సమానముగా చూడజాలము" అని తేల్చారాయన.

ఈసారి నీళ్లు పొయ్యలేదు. విదేశీ కాగితంలో వద్దని ఉంది. రెండు పగళ్లు తిరిగింది. నాకాను. అచ్చం ఆ సోమవారం ముక్కలాగే కరిగిపోయింది. ప్రాణం లేచొచ్చి, "గరుకు లేదు" అని పెద్ద అక్షరాల్తో రాసి సంతకం చేశాను. ఎంపిక పూర్తయినట్టేగా, మంగతాయారు సామాను ఇచ్చేద్దామా అని అడిగాను.

"తొందర కూడదు. కొత్త యంత్రమును పాత యంత్రముతో పోల్చి చూచిన పిదపగదా ఎంపిక పూర్తియగుట?"

"అయితే పాతది విప్పుతానండీ."

"ఎంపిక పూర్తి కానిదే ముద్ర విప్పరాదు. ఏడవ నిబంధన."

"ముద్ర విప్పనిదే పోల్చలేం కదండీ?"

"పోల్చనిదే ఎంపిక పూర్తి కాదు" అని ఆయన నావైపు ఎంతో తృప్తిగా చూశారు. "విషయము మిక్కిలి జటిలముగా నున్నది. ఉపసంఘము వేయుదము. అందాక నాలుకను మరి ఆరు మాసములు పొడిగించుచున్నాను."

ఆ సాయంత్రం మార్గదర్శకాల పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. మా మండలిలో ఆ పని చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. పంతొమ్మిదో నిబంధన దగ్గర ఆగిపోయాను. "పరీక్షా ప్రమాణము చెడినచో సదరు ఎంపిక ప్రక్రియ రద్దయినట్లు భావించి, తటస్థ సాధనములను యజమానులకు తక్షణమే అప్పగించవలెను" అని ఉంది. ఏం చేస్తే ప్రమాణం చెడుతుందో నా ఉత్తర్వులోనే వరసగా రాసి ఉంది. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లాను.

వరహాలు అప్పుడే మూడో రోజు ఆవకాయ తిరగ కలుపుతోంది. జాడీ నిండా ఎర్రగా, పైన నూనె తేలి, ఘాటు నట్టింటి దాకా వస్తోంది. ఆ ఏడాది ఆవకాయ నా నోటికి ప్రాప్తం లేదని ఆవిడ జాడీని నాకు కనపడకుండా అవతలికి జరిపింది.

"వేడన్నం పెట్టు" అన్నాను.

"పాలు కాగలేదండీ ఇంకా."

"పాలు కాదు. వేడన్నం, ఆవకాయ, నూనె."

ఆవిడ నా మొహం చూసింది. మంగతాయారు చేతుల సంగతి చెప్పాను. వెంటనే ఆవిడ పీట వేసింది. పొగలు కక్కే అన్నంలో రెండు గరిటెలు పిండి, ముక్కతో సహా వేసి, పప్పునూనె ధారగా పోసి, తనే కలిపి మొదటి ముద్ద చేతిలో పెట్టింది.

రెండు నెలలకి పైగా చప్పిడి తిన్న నాలుక అది. మొదటి ముద్దకి చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. రెండో ముద్దకి కళ్లెంట ధారలు. మూడో ముద్దకి ఏడుస్తూ నవ్వాను. నవ్వుతూ నాలుగోది తిన్నాను. ఇంత సుఖంగా ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు. పైన వేడి వేడి కాఫీ కూడా తాగాను, సందేహం దేనికని.

మర్నాడు, అంటే మే ఇరవై మూడున, సరిగ్గా పదిన్నరకి సర్వోత్తమరావుగారి బల్ల ముందు నిలబడి నాలుక బయట పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు. భూతద్దం తెప్పించుకుని చూశారు. పొక్కులు లెక్కపెట్టారు.

"ఏమి జరిగినది?" అన్నారు నీరసంగా.

"ఆఆకాయండీ" అన్నాను.

పంతొమ్మిదో నిబంధన తెరిచి ముందు పెట్టాను. అది చదివి ఆయన కలం మూత తీశారు. నిబంధన అంటే ఆయనకి భక్తి. ఆ భక్తే మమ్మల్ని కాపాడింది. స్టాకు రిజిస్టరులో "వాడుకలో ఉన్నది" కొట్టేసి, గడియారంతో పాటే "పనిచేయుట లేదు" అని రాశారు. పదకొండింటికి గంగులు నాలుగు లక్క ముద్రలూ పగలగొట్టాడు. మంగతాయారు గుడ్డ విప్పి, రాళ్లని పైట కొంగుతో తుడిచి, గ్రైండరుని ఎవర్నీ పట్టుకోనివ్వకుండా చంకనెత్తుకుని వెళ్లిపోయింది. ఎంపిక కావాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చని సర్వోత్తమరావుగారు వెనకనించి చెబుతూనే ఉన్నారు. ఆవిడ అడుగుల వేగం పెంచింది.

ప్రమాణమును కావాలని చెడగొట్టినందుకు నాకు మెమో వచ్చింది. నాలుక పొక్కి ఉన్నందున సంజాయిషీ చెప్పజాలనని జవాబు రాశాను. ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది.

తరవాతి సోమవారానికి బండి ముందు మునుపటిలాగే జనం. నాలుగో ఇడ్లీ మీద ఉన్నాను, పక్కకి చూస్తే సర్వోత్తమరావుగారు. ఆయన బండి దగ్గరికి రావడం అదే మొదటిసారి. మంగతాయారు నావైపు చూసింది. తరవాత బాదం ఆకు మీద నల్లటి ముక్క ఒకటి పెట్టి ఆయనకిచ్చింది. ఎంతైనా ఆవిడ మనసు అలాంటిది.

ఆయన నోట్లో వేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. ఆ మొహం మీద ముద్రల మనిషి పోయి ఇంకెవరో వచ్చారు.

"గరుకు లేదే!" అన్నారు. వెంటనే అటూ ఇటూ చూసి, "ఇది నా సొంత నాలుక అభిప్రాయము మాత్రమే" అన్నారు.

తరవాత జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. "ఇది ఏ సాధనముతో రుబ్బితివమ్మా?"

నా గొంతులో ఇడ్లీ అడ్డం పడింది. మంగతాయారు మాత్రం తడుముకోలేదు. రెండు నెలల్లో ఆవిడ మా మండలిని పూర్తిగా చదివేసింది.

"చేత్తో నలిపానండి" అంది.

"చేతితోనా!" అని ఆయన రాసుకున్నారు. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు. వెళ్లబోతూ ఆగి, ఆవిడ రెండు చేతుల వైపూ తేరిపార చూశారు. మణికట్టు దగ్గర ఆయన చూపు నిలబడిపోయింది.

ఎందుకైనా మంచిదని, ఆఫీసులో ఉన్న లక్కంతా మూటకట్టి ఆ మధ్యాహ్నమే గోదాట్లో పారేసి వచ్చాను.